క్లాసు పేరు నుంచి ఆబ్జెక్టును సృష్టించడం: అపోహలు - వాస్తవాలు

నివేదికను పీడీఎఫ్‌గా ఇవ్వాలా, ఎక్సెల్‌గా ఇవ్వాలా అన్న నిర్ణయం కొన్నిసార్లు ప్రోగ్రామర్ చేతిలో ఉండదు. దాన్ని వాడే సంస్థ సెట్టింగుల ఫైల్లో ఒక క్లాసు పేరు రాసుకుంటుంది. ఆ పేరును చదివి, ప్రోగ్రాము నడుస్తుండగానే ఆ క్లాసుకు ఆబ్జెక్టును సృష్టించవలసి వస్తుంది. జావాలో రిఫ్లెక్షన్ (ప్రోగ్రాము నడుస్తుండగానే క్లాసులను పరిశీలించి వాడుకునే సదుపాయం), సీషార్ప్‌లో యాక్టివేటర్, పైథాన్‌లో ఇంపోర్ట్‌లిబ్ ఈ పనికి ఉపయోగపడతాయి. పీహెచ్‌పీలో అయితే న్యూ అన్న పదం పక్కన వేరియబుల్ పెడితే సరిపోతుంది. కొత్తగా చేరినవారి కోడును పరిశీలించేటప్పుడు ఈ విషయంలో నాకు పదేపదే కనిపించే అపోహలను, ఎక్కువగా జావా ఉదాహరణలతోనే, ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: క్లాస్.ఫర్‌నేమ్ అని పిలిస్తే ఆబ్జెక్టు తయారవుతుంది.

వాస్తవం: తయారు కాదు. అది ఆ పేరు గల క్లాసును వెతికి, మెమరీలోకి తెచ్చి, దాని స్టాటిక్ బ్లాకులను (క్లాసును వాడకానికి సిద్ధం చేసేటప్పుడు ఒకసారి నడిచే కోడును) నడిపి, ఆ క్లాసును వర్ణించే క్లాస్ ఆబ్జెక్టును మన చేతికిస్తుంది. మనకు కావలసిన ఆబ్జెక్టు పుట్టాలంటే ఆ తర్వాత ఆబ్జెక్టును నిర్మించే కోడైన కన్‌స్ట్రక్టర్‌ను అడిగి తీసుకుని, దాన్ని పిలవాలి. ఈ అపోహకు మూలం జావా ప్రోగ్రామును డేటాబేసుతో కలిపే జెడిబిసి పాఠమని నా అభిప్రాయం. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో జావా నేర్చుకున్న ఎందరికో డేటాబేసు ప్రోగ్రాములో మొదటి వరుసగా ఇదే కంఠస్థమై ఉంటుంది. అక్కడ జరిగేది వేరు: డ్రైవర్ క్లాసులోని స్టాటిక్ బ్లాకు నడిచినప్పుడు, ఆ డ్రైవర్ తనను తాను డ్రైవర్‌మేనేజర్ వద్ద నమోదు చేసుకుంటుంది. 2006లో జావా 6తో పాటు వచ్చిన జెడిబిసి 4.0 నుంచి ఆ వరుస కూడా సాధారణంగా అవసరం లేదు. డ్రైవర్ జార్ ఫైల్లోనే మెటా-ఇన్ఫ్ కింద ఉన్న సర్వీసెస్ ఫోల్డరులో డ్రైవర్ క్లాసు పేరు రాసి ఉంటుంది, దాన్ని సర్వీస్‌లోడర్ చదువుకుంటుంది. అంటే పేరును అక్షరాల్లో రాసుకోవడం ఆగిపోలేదు. అది మన కోడులో నుంచి, ఆ పేరు కచ్చితంగా తెలిసినవారి ఫైల్లోకి మారింది.

అపోహ: క్లాస్ ఆబ్జెక్టు మీద నేరుగా న్యూఇన్‌స్టెన్స్ పిలవడమే సరైన పద్ధతి.

వాస్తవం: 2017లో వచ్చిన జావా 9 నుంచి ఆ పద్ధతిని వాడవద్దని సూచిస్తున్నారు. కన్‌స్ట్రక్టర్ విసిరిన ఎక్సెప్షన్ ఏదైనా, కంపైలర్ తప్పనిసరిగా పట్టుకోమనే రకమైనా, దాని గుండా కంపైలర్‌కు తెలియకుండానే బయటికి వచ్చేస్తుంది. గెట్‌డిక్లేర్డ్‌కన్‌స్ట్రక్టర్ ద్వారా వెళితే ఆ ఎక్సెప్షన్ ఇన్వొకేషన్‌టార్గెట్‌ఎక్సెప్షన్‌లో చుట్టబడి వస్తుంది. లాగ్‌లో ఆ పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోకుండా, లోపలి కారణాన్ని చూడాలి.

అపోహ: పేరు సరిగ్గా రాస్తే చాలు, నా కంప్యూటరులో నడిచింది కాబట్టి అంతటా నడుస్తుంది.

వాస్తవం: ముందుగా, "సరైన పేరు" అంటే ప్యాకేజీతో కూడిన పూర్తి పేరు, క్లాసు లోపలి క్లాసుకైతే మధ్యలో చుక్క కాదు, డాలర్ గుర్తు ఉండాలి. సీషార్ప్‌లో క్లాసు వేరే అసెంబ్లీలో ఉంటే అసెంబ్లీ పేరు కూడా జోడించాలి. అంతకన్నా ముఖ్యమైనది, కంపైలర్ దృష్టిలో ఆ పేరు వట్టి స్ట్రింగ్ మాత్రమే. ఒకసారి మా బృందం ఆండ్రాయిడ్ యాప్‌లో స్క్రీన్ల క్లాసు పేర్లను ఒక జేసన్ ఫైల్లో పెట్టింది. పరీక్షల్లో అన్నీ తెరుచుకున్నాయి. విడుదల చేసిన యాప్‌లో మాత్రం ఒక్క స్క్రీనూ తెరుచుకోలేదు. విడుదల బిల్డులో, యాప్ సైజు తగ్గించే ఆర్8 అనే సాధనం క్లాసుల పేర్లను ఒకటి రెండు అక్షరాలకు కుదించింది, జేసన్‌లోని పేర్లు పాతవిగానే ఉండిపోయాయి. ఆ క్లాసులను అలాగే ఉంచమని కీప్ నియమం రాసేవరకు సమస్య తీరలేదు. జావా కోడును ముందే మెషీన్ కోడుగా మార్చే గ్రాల్‌విఎమ్‌తో నేటివ్ ప్రోగ్రాము తయారుచేసేవారికీ ఇదే జాగ్రత్త అవసరం: ఏ క్లాసులను రిఫ్లెక్షన్‌తో పిలుస్తామో ముందుగా ప్రకటించకపోతే అవి ఆ ప్రోగ్రాములో చేరకపోవచ్చు.

అపోహ: రిఫ్లెక్షన్ చాలా నెమ్మది కాబట్టి వాడకూడదు.

వాస్తవం: క్లాసును, కన్‌స్ట్రక్టర్‌ను వెతకడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఒకసారి వెతికి దాచుకుంటే, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు జరిగే పదీ ఇరవై సృష్టులకు ఈ భయం అనవసరం.

అపోహ: సృష్టించిన వెంటనే మన ఇంటర్‌ఫేస్‌కు క్యాస్ట్ చేసి రకం సరిపోతుందో చూస్తున్నాం, కాబట్టి ప్రమాదం లేదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇది. క్యాస్ట్ విఫలమయ్యే సమయానికి ఆ క్లాసు స్టాటిక్ బ్లాకు, కన్‌స్ట్రక్టర్ రెండూ నడిచిపోయి ఉంటాయి. జరగవలసిన హాని అప్పటికే జరిగి ఉంటుంది. పేరు బయటి నుంచి, అంటే బ్రౌజర్ పంపిన అభ్యర్థన నుంచో, ఎవరో ఎక్కించిన ఫైలు నుంచో వస్తే, ప్రోగ్రాముకు అందుబాటులో ఉన్న లైబ్రరీలలోని ఏ క్లాసునైనా సృష్టించే అవకాశాన్ని మనం అపరిచితుడికి ఇచ్చినట్లే. జేసన్‌ను చదివే జాక్సన్ అనే జావా లైబ్రరీలో 2017లో బయటపడిన సీవీఈ-2017-7525 అనే భద్రతా లోపం ఇటువంటిదే: జేసన్‌లోనే క్లాసు పేరు పంపే సౌకర్యాన్ని ఆన్ చేసిన ప్రోగ్రాములలో, దాడి చేసేవారు తమకు అనువైన క్లాసు పేరు రాసి సర్వరులో తమ కోడును నడిపించగలిగారు. ప్రమాదకరమైన క్లాసులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ పోతే కొత్త పేర్లు బయటపడుతూనే వచ్చాయి. చివరికి 2019లో వచ్చిన 2.10 వెర్షనులో, అనుమతించిన రకాలను మాత్రమే ముందుగా పేర్కొనే విధానం ప్రవేశపెట్టారు.

అందువల్ల బయటి నుంచి వచ్చే స్ట్రింగ్‌ను నేను ఎన్నడూ క్లాసు పేరుగా వాడను. "పీడీఎఫ్", "ఎక్సెల్" వంటి చిన్న మాటలను కీలుగా పెట్టి, వాటి ఎదురుగా ఆబ్జెక్టును సృష్టించే ఫంక్షనును ఉంచిన మ్యాప్ ఒకటి రాస్తాను. పేరును బట్టి ఆబ్జెక్టును సృష్టించే సదుపాయం భాషలోనే లేని సీ++లో ఎంతోకాలంగా చేస్తున్నదీ ఇదే. ఇతరులు రాసే ప్లగిన్‌ల విషయంలో మాత్రం పూర్తి క్లాసు పేరు తప్పదు. అప్పుడు ఆ పేరు నిర్వాహకుడు తప్ప మరెవరూ మార్చలేని ఫైల్లో ఉండాలి. దాన్ని ఫర్‌నేమ్ మూడు ఆర్గ్యుమెంట్ల రూపంతో, స్టాటిక్ బ్లాకులు నడవకుండా తెచ్చుకుని, యాజ్‌సబ్‌క్లాస్‌తో రకాన్ని పరీక్షించాకే కన్‌స్ట్రక్టర్‌ను పిలవాలి. దీనికి తోడు, ఫైల్లోని ప్రతి పేరునూ చదివి ఆ క్లాసు దొరుకుతోందో లేదో చూసే టెస్టును విడుదల బిల్డు మీదే నడపాలి. మా స్క్రీన్ల పేర్లకు ఆనాడు ఆ టెస్టు లేకపోబట్టే తప్పు వినియోగదారుల ఫోన్ల వరకు వెళ్లింది.