పట్టేసిన బ్రేక్ నిప్పల్ ఎందుకు ఊడదు, బలంగా లాగితే ఎందుకు విరుగుతుంది

మేం ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర. ఇక్కడ గేటు గొళ్ళెం దగ్గర్నుంచి ఏసీ బయటి యూనిట్ దాకా ఇనుము అన్నది ఏదైనా సరే రెండేళ్ళకే ఎర్రబడిపోద్ది, ఇక పన్నెండేళ్ళ కారు అడుగున ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మొన్న వానలు తగ్గాక బ్రేక్ ఆయిల్ మార్చుదామని ముందు చక్రం విప్పి, క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కి పట్టే భాగం) మీదున్న నిప్పల్‌కి పానా వేశా. కదల్లేదు. పానాకి ఒక పైపు ముక్క తొడిగి లాగా. టక్ మని చిన్న శబ్దం, చెయ్యి ఒక్కసారిగా తేలికైపోయింది, చూస్తే పానాలో నిప్పల్ తల, మిగతాదంతా లోపలే.

ఆ విరిగిన ముక్క ఎలా బయటికొచ్చిందో మా వీధి చివర మెకానిక్ బాబాయ్ పక్కన నుంచుని మొత్తం చూశా, తర్వాత కూర్చుని చదివా. చిన్న బోల్టు ముక్క వెనక ఇంత ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉంటాయని అనుకోలేదు, అదే రాస్తున్నా.

ముందు ఈ నిప్పల్ పనేంటో చెప్పాలి. బ్రేక్ పైపుల్లో గాలి చేరితే పెడల్ స్పాంజిలా మెత్తగా అయిపోద్ది, ఎందుకంటే గాలి నలుగుతుంది, ఆయిల్ నలగదు. ఆ గాలిని బయటికి తీసే చిన్న కుళాయి ఇది. మధ్యలో సన్నటి బొక్క, కింద కోసుగా ఉండే ముక్కు, ఆ ముక్కుకి కాస్త పైన అడ్డంగా ఇంకో బొక్క. బిగిస్తే ముక్కు వెళ్ళి సీటు మీద కూర్చుని దారి మూసేస్తుంది, అరచుట్టు వదిలితే ఆయిల్ అడ్డ బొక్కలోంచి పైకొస్తుంది. మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం, గాల్లో తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే 3.7 శాతం నీళ్ళు కలిశాక 155 డిగ్రీల దాకా మరక్కుండా ఉంటే చాలని రూలే చెప్తుంది, అంటే ఆ తేడా అంతా నీళ్ళు తినేసిందే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి లోపల ఆవిరి బుడగలు కట్టాయంటే పెడల్ నేలకి తగులుతుంది. అందుకే ఈ ఆయిల్ మార్చాలి, మార్చాలంటే నిప్పల్ తిరగాలి.

నా నిప్పల్ మీద ఉండాల్సిన చిన్న రబ్బరు క్యాప్ లేదు. ఎప్పుడో సర్వీసుకి ఇచ్చినప్పుడు ఎవరో తీసి మళ్ళీ పెట్టలేదు. క్యాప్ లేకపోతే ఏమవుద్దిలే అనుకుంటాం, కానీ వాన నీళ్ళు, ఉప్పు తేమ నిప్పల్ మధ్య బొక్కలోంచి కిందికి దిగి, అడ్డ బొక్కలోంచి బయటికొచ్చి థ్రెడ్‌ల (స్క్రూ మరల) చుట్టూ నిలుస్తాయి. అంటే తుప్పు పై నుంచి మాత్రమే కాదు, అడుగు నుంచి కూడా మొదలవుద్ది. పైన గీకి శుభ్రం చేసి బాగానే ఉందనుకున్నది లోపల అప్పటికే పట్టేసి ఉంటుంది.

ఇక పట్టేయడం అంటే అసలేం జరుగుతుంది? ఇనుము తుప్పుగా మారినప్పుడు అది తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. మామూలు ఐరన్ ఆక్సైడ్ అయితే రెండింతలు, నీళ్ళు కలిసిన రకాలైతే ఇంకా ఎక్కువే. పాత ఇళ్ళ స్లాబులో ఊచలు తుప్పు పట్టి సిమెంటు పెచ్చులు ఊడిపడతాయి కదా, ఆ శక్తే ఇది. థ్రెడ్‌ల మధ్య సందు మహా అయితే వెంట్రుక మందం, అందులో ఈ ఉబ్బే పదార్థానికి పోవడానికి దారి లేదు కాబట్టి రెండు వైపులా లోహాన్ని నొక్కి పెట్టేస్తుంది. మనకి తిప్పడానికి అడ్డం పడేది ఆ నొక్కుడే.

ఇంకో చిత్రం ఏంటంటే లోపల ఆక్సిజన్ అందని చోటే ఇనుము ఎక్కువ తినేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో యూలిక్ ఎవాన్స్ అనే ఆయన ఇనప రేకు మీద ఉప్పు నీటి చుక్క పెట్టి చూపించాడు: చుక్క అంచుల్లో గాలి బాగా తగిలే చోట ఇనుము నిలబడింది, గాలి అందని మధ్య భాగం తరిగిపోయింది. గాలి ఎక్కువున్న చోటు, తక్కువున్న చోటు కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి, అందులో అరిగిపోయేది గాలి లేని వైపు. థ్రెడ్ సందు లోపలి భాగం అంటే సరిగ్గా అదే.

వేరు వేరు లోహాలు కలిస్తే సంగతి ఇంకా ముదురుతుంది. 1761లో బ్రిటిష్ వాళ్ళు అలారం అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకులు కొట్టారు, ఇనప మేకులతో. రెండేళ్ళకి చూస్తే చాలా చోట్ల మేకులు తినేసి రేకులు ఊడిపోతున్నాయి, కానీ రేకులకి చుట్టి వచ్చిన బ్రౌన్ పేపరు పొరపాటున మేకుకీ రాగికీ మధ్య ఉండిపోయిన చోట మేకులు బానే ఉన్నాయి! రెండు లోహాలు తగిలి ఉప్పు నీళ్ళు తోడైతే ఒకటి ఇంకోదాన్ని బలి తీసుకుంటుంది, మధ్యలో కాగితం ముక్క ఉన్నా చాలు ఆగుతుంది. ఇనుము, రాగి జోడీలో పోయేది ఇనుము. ఇనుము, అల్యూమినియం జోడీలో పోయేది అల్యూమినియం, తెల్లటి పొడి కనిపిస్తుంది. అలాయ్ వీల్ నట్లన్నీ తీసేసినా హబ్బుకి అతుక్కుని రాదు చూడండి, కారణం అదే.

ఇక విరగడం సంగతి. నేను అనుకున్నదేంటంటే నిప్పల్ మధ్యలో బొక్క ఉంది కాబట్టి విరిగిందని, లెక్క వేస్తే అది కాదు. 8 ఎంఎం నిప్పల్ థ్రెడ్ లోయల దగ్గర సుమారు 6.6 ఎంఎం ఉంటుంది, మధ్య బొక్క 3 ఎంఎం అనుకోండి, తిప్పుడుని తట్టుకునే బలంలో ఆ బొక్క వల్ల తగ్గేది 4 శాతమే. మెలితిప్పే బలాన్ని మోసేది బయటి పొర, మధ్యలో ఉన్నది పెద్దగా మొయ్యదు. అదే తుప్పు బయటి నుంచి చుట్టూ అర ఎంఎం తినేస్తే దాదాపు 40 శాతం బలం పోతుంది. పైకి తల బాగానే కనిపిస్తుంది, తల కింద మెడ దగ్గర లోపల సన్నబడిపోయి ఉంటుంది.

తుప్పు లేకుండానే ఆ సైజు నిప్పల్ సుమారు 17 న్యూటన్ మీటర్ల (తిప్పే బలాన్ని కొలిచే లెక్క ఇది) దగ్గర లొంగడం మొదలెడుతుంది అనుకోండి. 15 సెంటీమీటర్ల పానా చివర పదకొండు, పన్నెండు కిలోల బరువుతో లాగితే అంత వచ్చేస్తుంది. అర మీటరు పైపు తొడిగితే మూడున్నర కిలోలు చాలు, అంటే చిన్న పిల్లాడు కూడా విరిచేయగలడు. పైపు తొడిగినప్పుడు బోల్టు ఎంత మెలి తిరుగుతోందో చేతికి తెలీదు, అది అసలు ప్రమాదం. పెద్ద బోల్టుకి ఇంత భయం లేదు, మందం రెండింతలైతే తట్టుకునే బలం ఎనిమిదింతలు. చక్రం నట్టుకి చేసినట్టే నిప్పల్‌కీ చేస్తే పోయేది నిప్పలే.

బాబాయ్ వచ్చి చూసి మొదట అన్నమాట, "లాగకండి బాబూ, ముందది ఎక్కడ పట్టిందో చూడనీండి". వైర్ బ్రష్‌తో చుట్టూ గీకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, చిన్న సుత్తితో క్యాలిపర్ మీద టకటక కొట్టి, రేపొస్తా అని వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు ఎందుకు రేపు అని. ఆయిల్ సన్నటి సందులోకి తనంతట తనే పాకుతుంది, దీపం వత్తి నూనె పీల్చినట్టు, కానీ ఎంత దూరం పాకిందన్నది టైముకి వర్గమూలంలా పెరుగుతుంది, 1921లో వాష్‌బర్న్ అనే ఆయన రాసిన సమీకరణం ఇది. అంటే మొదటి ఒక ఎంఎం ఒక నిమిషంలో దిగితే పది ఎంఎం దిగడానికి వంద నిమిషాలు కావాలి, పది కాదు. పైగా తుప్పు దారి మూసేస్తుంది కాబట్టి ఇంకా నెమ్మది. కొట్టి ఐదు నిమిషాలాగి పానా వేస్తే ఆయిల్ వృథా అయినట్టే. సుత్తి దెబ్బ ఎందుకంటే తుప్పు పెళుసు, పింగాణీ లాగా నొక్కితే ఓర్చుకుంటుంది గానీ అదురుకి పగుళ్ళిస్తుంది, ఆ పగుళ్ళలోంచే ఆయిల్ దిగాలి. అందరి ఇంట్లో ఉండే డబ్ల్యూడీ-40 మొదట ఇందుకు చేసింది కాదు, 1953లో అమెరికా శాన్ డియాగోలో తేమని తోసేయడానికి చేశారు, నలభయ్యోసారి కుదిరింది కాబట్టి ఆ పేరు. పట్టేసిన బోల్టులకనే చేసిన ఆయిల్స్ విడిగా దొరుకుతాయి, అవి మేలు. ఏదైనా సరే బ్రేక్ ప్యాడ్ మీదా డిస్క్ మీదా పడనివ్వకండి.

మర్నాడు క్యాలిపర్ మొత్తం ఊడదీసి, పిస్టన్, రబ్బరు సీళ్ళు అన్నీ తీసి వైస్‌లో బిగించాడు. వేడి చేయాలి కదా, బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది, రబ్బరు కాలిపోద్ది. ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన దాన్ని ఆరబెట్టకుండా వెల్డింగ్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది, మొదటి ప్రపంచయుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువు అది, కాబట్టి మంట పెట్టే దానిమీద అలాంటి క్లీనర్ అసలు కొట్టకండి.

గ్యాస్ మంట నిప్పల్ ముక్క మీద కాదు, దాని చుట్టూ ఉన్న క్యాలిపర్ మీద తిప్పాడు. ఎడ్లబండి చక్రానికి పట్టా వేయడం చూసినవాళ్ళకి ఇది ఇట్టే తెలిసిపోద్ది: ఇనప పట్టా చక్రం కన్నా చిన్నగా ఉంటుంది, పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే పెరిగి చెక్క మీద తేలిగ్గా ఎక్కుతుంది, నీళ్ళు పోస్తే బిగుసుకుపోతుంది. వేడెక్కితే బొక్క కూడా పెద్దదవుతుంది, చిన్నదవదు, చాలామంది ఉల్టా అనుకుంటారు. 8 ఎంఎం బొక్క 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.03 ఎంఎం, కంటికి కనపడదు, కానీ తుప్పు పట్టు తెగడానికి అది చాలు. అప్పుడు బాబాయ్ కొవ్వొత్తి తీసి వేడి థ్రెడ్ అంచుకి ఆనించాడు, మైనం నీళ్ళలా కరిగి చుట్టూ గిర్రున తిరిగి లోపలికి ఇంకిపోయింది, నేను కళ్ళారా చూశా.

తర్వాత విరిగిన ముక్క మీద ఒక నట్టు పెట్టి మధ్యలోంచి వెల్డింగ్ చేశాడు. దీనివల్ల తల కొత్తగా వచ్చింది, అది ఒకటి, రెండోది ముక్క ఎర్రగా కాలి పెరగాలని చూస్తుంది, చుట్టూ చోటు లేదు, కాబట్టి లోపలే నలిగి, చల్లారినప్పుడు ముందుకన్నా కాస్త సన్నబడుతుంది. మీకు ఈజీ అవుట్ (విరిగిన బోల్టు ముక్కని బయటికి తీసే పనిముట్టు) కదా వాడాలి అని అనిపించొచ్చు, నాకూ అనిపించింది, అడిగా. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. ఈజీ అవుట్ కోసుగా ఉంటుంది, బొక్కలోకి తిప్పేకొద్దీ చీలలా దిగి నిప్పల్ గోడల్ని బయటికి నెడుతుంది, అసలే పట్టేసిన థ్రెడ్‌ని ఇంకా బిగిస్తుంది. పైగా బాగా గట్టి స్టీలు, పెళుసు, అది కూడా లోపల విరిగితే మామూలు డ్రిల్లు దానిమీద గీత కూడా పెట్టలేదు. ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్ వీలైతే ముందు వాడాలి, కోస్తూ కోస్తూనే ఊడే దిక్కుగా తిప్పుతుంది కాబట్టి.

నట్టు చల్లారాక పానా వేసి మొదట బిగించే వైపు ఓ పిసరు నొక్కాడు, తర్వాత వదిలే వైపు. కీచుమని పిల్లి అరిచినట్టు శబ్దం. పావు చుట్టు వదలడం, మళ్ళీ వెనక్కి, ఆయిల్, మళ్ళీ. వదిలే వైపే లాగుతూ పోతే రాలిన తుప్పు ముందు థ్రెడ్‌లో చేరి మళ్ళీ పట్టేస్తుంది, ముందుకీ వెనక్కీ ఆడిస్తే పొడి అయి ఆయిల్‌తో కొట్టుకొస్తుంది. పది నిమిషాల తర్వాత ముక్క చేతికొచ్చింది, థ్రెడ్‌ల నిండా ఇటుక పొడిలా ఎర్రటి ముద్ద.

ఇది కూడా కుదరకపోతే లేత్ షాపుల దాకా పోవాలి, పెద్ద ఊళ్ళలో స్పార్క్‌తో కరిగించే మెషీన్లు ఉంటాయి. దాని పుట్టుక కూడా బండి ఇంజన్లతో ముడిపడిందే, సోవియట్ శాస్త్రవేత్తలు లాజరెంకో దంపతులు ఇగ్నిషన్ టంగ్‌స్టన్ కాంటాక్టులు స్పార్క్ వల్ల ఎందుకు అరుగుతున్నాయో చూస్తూ, అరగడం ఆపలేకపోయినా ఆ అరుగుడునే పనిముట్టుగా మార్చారు, 1943లో. ఎంత గట్టి లోహమైనా కరెంటు పారితే చాలు, తాకకుండా తొలిచేస్తుంది. వాచీలు బాగుచేసేవాళ్ళకి ఇంకో దారి ఉంది, ఇత్తడి ప్లేటులో స్టీలు స్క్రూ విరిగితే స్టీలు భాగాలన్నీ విప్పేసి పటిక కలిపిన వేడి నీళ్ళలో వేసి ఉంచుతారు, స్టీలు మెల్లగా కరిగిపోద్ది, ఇత్తడి అలాగే ఉంటుంది. గెడ్డం గీసుకున్నాక రుద్దుకునే పటికే.

క్యాలిపర్ థ్రెడ్‌ని ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టు) శుభ్రం చేసి, కొత్త సీళ్ళు వేసి, కొత్త నిప్పల్‌ని పానాతో మెల్లగా బిగించాడు. దీనికి 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు, ఆయిల్ ఆపేది ముక్కు, బలం కాదు. మిగతా మూడు చక్రాలకి నేనే చేశా: మూడు రోజులు సాయంత్రం పూట ఆయిల్, నాలుగు సుత్తి దెబ్బలు, పైపు జోలికి పోలేదు. ఆ మూడింటికీ రబ్బరు క్యాపులు ఉన్నాయి. మూడూ మామూలు పానాకే తిరిగాయి, వెనక ఎడమవైపుది పూర్తిగా విప్పి చూస్తే థ్రెడ్‌ల మీద కొత్తలో వేసిన పసుపు పూత ఇంకా అలాగే ఉంది.