మాసిక వేసిన జన్యువు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ ఉండేది. ఉన్నవాటితోనే సరిపెట్టుకోండి, చిరిగితే మాసిక వేసుకోండి అని ప్రభుత్వం ప్రచారం చేసింది. ఆనాటి మహిళల సూటు ఒకటి తీసుకుని, దాని చిరుగులకూ మరకలకూ పట్టు ముక్కలతో మాసికలు వేశారు బ్రిటిష్ కళాకారిణి ఆనా డుమిట్రియు. ఆ పట్టు మీద గులాబీ రంగు చుక్కలు ఈ.కోలి బ్యాక్టీరియా గుంపులు. అసలు మాసిక మాత్రం వాటి డీఎన్‌ఏలో ఉంది. పెనిసిలిన్ కుటుంబానికి చెందిన యాంపిసిలిన్ అనే మందును తట్టుకునే జన్యువును, డీఎన్‌ఏను కోరిన చోట కోసే క్రిస్పర్ అనే కత్తెరతో తొలగించి, ఆ చోట పాత యుద్ధకాలపు నినాదాన్నే డీఎన్‌ఏ అక్షరాల్లోకి మార్చి అతికించారు.

సూటు మీద 1941 నాటి ప్రభుత్వ ముద్ర ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పోలీసుకు పెనిసిలిన్‌తో చికిత్స మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. విచిత్రమేమిటంటే, పెనిసిలిన్‌ను నాశనం చేసే ఎంజైమును అబ్రహాం, చెయిన్ అనే శాస్త్రవేత్తలు అంతకుముందే, 1940లోనే ప్రకటించారు. అది వారికి దొరికింది కూడా ఈ.కోలిలోనే!

ఇక నన్ను కట్టిపడేసిన సంగతి. మన కణాల్లో డీఎన్‌ఏ తెగితే, రెండు కొసలనూ ఎలాగోలా అతికించే ఏర్పాటు ఉంది. సాధారణ ఈ.కోలికి అది లేదు. తెగిన కొసను రెక్‌బీసీడీ అనే ఎంజైము పట్టుకుని, సెకనుకు దాదాపు వెయ్యి అక్షరాల వేగంతో తినేస్తూ పోతుంది. జీసీటీజీజీటీజీజీ అనే ఎనిమిదక్షరాల గుర్తు ఎదురైతే పద్ధతి మార్చుకుని, డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒకదాని కొసను మిగిల్చి, దానికి రెక్‌ఏ ప్రొటీన్ తొడుగుతుంది. ఆ పోగు తనలాంటి వరుస కోసం కణమంతా వెతుకుతుంది. దొరికితే దాన్ని చూసి నకలు రాసుకుంటుంది, దొరకకపోతే కణానికి చావే. క్రిస్పర్ కత్తెర పాత జన్యువు ఎక్కడ కనబడినా మళ్లీ కోస్తుంది కాబట్టి, బయటినుంచి ఇచ్చిన నమూనాను ఒంటబట్టించుకున్న బ్యాక్టీరియాలే దాదాపుగా బతికి బయటపడతాయి. పాఠ్యపుస్తకాలు ఈ వేటనంతా ‘డీఎన్‌ఏ మరమ్మతు’ అని రెండు మాటల్లో ముగించడం పిల్లలకు అన్యాయం.

నమూనా అంచులు కలిస్తే చాలు, నడుమ ఏం రాసి ఉన్నా కణం నకలు తీసుకుంటుంది. కాబట్టి ఆ నడుమ భాగం రాసే హక్కు ఎవరిదన్నదే అసలు నైతిక ప్రశ్న. 2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ మానవ పిండాల్లో, హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి దారిచ్చే సీసీఆర్5 జన్యువును కత్తిరించి, కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. కొందరిలో సహజంగానే ఆ జన్యువులో 32 అక్షరాలు లోపించి ఉండటం ఆయన చూపిన ఆదర్శం. కణాలు మాత్రం తెగిన కొసలను తమకు తోచినట్టు అతికించుకున్నాయి. ఆ పిల్లల్లో వచ్చిన మార్పులు దానితో సరిపోలలేదు. డుమిట్రియు సూటు ముందు నిలబడినవారికి ఏది తీసేశారో, ఏది రాశారో, ఎవరు రాశారో తెలుస్తుంది. ప్రయోగశాలలో కళాకారులకు చోటుండాలని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

అలాగని ఈ మాసికతో మందులకు లొంగని జబ్బులు తగ్గవు. మందును తట్టుకునే జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీదెక్కి ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి, జాతి మారి కూడా, చేరుతూనే ఉన్నాయి. యాంపిసిలిన్ మళ్లీ పనిచేసేది కత్తెర చేరిన ఆ కొద్ది బ్యాక్టీరియాల మీదే.