కుక్క ఒళ్లు ఎందుకు విదిలించుకుంటుంది?

అమెరికాలోని సియాటిల్‌కు తూర్పున, ఇస్సక్వా ఊరి పక్కన, టైగర్ మౌంటెన్ ఉంది. ఏప్రిల్‌లో ముసురు పట్టినా జనం కుక్కలను వెంటబెట్టుకుని గుంపులుగా ఆ కొండ ఎక్కుతారు. రెడ్మండ్, బెల్‌వ్యూలలో స్థిరపడిన తెలుగువాళ్లూ ఆ గుంపుల్లో ఉంటారు. అక్కడి వసంతంలో కోయిల కూత ఉండదు. సన్నని జల్లు, బురద, నాచు పట్టిన మాన్లు, వాటి కింద పచ్చగా విప్పారిన ఫెర్న్ మొక్కలు, అంతే. మనుషులు వాన కోట్లలో ముడుచుకుని నడుస్తుంటే కుక్కలు మాత్రం హాయిగా తడుస్తాయి. పాపం అనుకుంటాం గానీ, ఆ వానకు మనకంటే వాటి ఒళ్లే బాగా సిద్ధమై ఉంది.

తడిసిన రిట్రీవర్ జాతి కుక్కను దగ్గర నుంచి చూడండి. నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి, కళ్లు మూసుకుని, ముందు తల తిప్పుతుంది. ఆ కుదుపు భుజాలకు, నడుముకు పాకి తోక కొస దగ్గర ఆగుతుంది. పక్కన నిలబడిన వాళ్ల ప్యాంట్లు తడిసిపోతాయి.

అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆండ్రూ డికర్సన్, డేవిడ్ హు 2012లో ఈ విదిలింపు లెక్క తేల్చారు. ఎలుక మొదలు ఎలుగుబంటి వరకు 16 జాతుల జంతువులను తడిపి, హైస్పీడ్ కెమెరాలతో చిత్రించారు. చిట్టెలుక సెకనుకు దాదాపు 30 సార్లు ఊగితే, పెద్ద కుక్కకు నాలుగైదు సార్లు చాలు. వెంట్రుకను పట్టుకున్న నీటిబొట్టు ఊడి పడాలంటే దాన్ని బయటికి నెట్టే బలం కావాలి. ఒళ్లు సన్నగా ఉన్నకొద్దీ ఆ బలం కోసం అంత వేగంగా తిరగాలి. కుక్కకు ఇంకో సదుపాయం వదులుగా ఉండే చర్మం. వెన్నెముక ఒక్కో పక్కకు 30 డిగ్రీలు తిరిగితే, చర్మం 90 డిగ్రీల దాకా ఊగుతుంది. తడిబట్టను జాడించినట్టు, చివర్లలో వేగం పెరుగుతుంది. రెప్పపాటులో దాదాపు 70 శాతం నీరు ఎగిరిపోతుంది.

ఇంత హడావిడి దేనికంటారా? 27 కిలోల కుక్క బొచ్చులో అర కిలో నీరు నిలిచిందనుకుందాం. అది ఒంటి వేడితోనే ఆరాలంటే దాదాపు 290 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అంటే రోజు తిండిలో ఐదో వంతు! చలిలో బతికే జంతువుకు అది మామూలు నష్టం కాదు.

విదిలించమని ఒంటికి చెప్పేది ఎవరన్న ప్రశ్నకు 2024లో హార్వర్డ్‌లోని డేవిడ్ గింటీ బృందం జవాబు వెతికింది. చిట్టెలుకల మెడ మీద నూనె చుక్క వేస్తే అవి వెంటనే విదిలించుకున్నాయి. వెంట్రుకల కుదుళ్లను చుట్టుకుని ఉండే, అతి మెత్తని స్పర్శను పట్టే నాడీ తంతువులే ఆ కబురు పంపుతున్నాయి. వాటిని కాంతితో ప్రేరేపిస్తే పొడి ఎలుకలు కూడా ఒళ్లు విదిలించాయి. ఆ కబురు మెదడుకు చేరే దారిని అణిచినప్పుడు విదిలింపు బాగా తగ్గింది.

ఇక ముక్కు సంగతి. వానచుక్క మట్టి మీద పడినప్పుడు దాని కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి పైకి వచ్చి పగిలి, మట్టిలోని వాసనలను సన్నని తుంపరలుగా గాలిలోకి చిమ్ముతాయి. 2015లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దీన్ని కెమెరాకు చిక్కించారు. కుండపోత కంటే చిరుజల్లులోనే ఈ తుంపరలు ఎక్కువట. ఈ తడిమట్టి వాసన మీద ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో పరిశోధన పత్రం రాశారు గానీ, ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో దాన్ని అత్తరుగా సీసాల్లో పట్టడం అంతకు ముందు నుంచే ఉంది.

వాసన చూసేటప్పుడు కుక్క సెకనుకు ఐదారు సార్లు గాలి పీలుస్తుంది. పీల్చిన దానిలో దాదాపు 12 శాతం ముక్కు లోపల వాసన పట్టే గదిలోకి విడిగా వెళ్తుంది. వదిలే గాలి ముక్కు పక్క చీలికల నుంచి పోవడం వల్ల ఎదుటి వాసన చెదరదు. అందుకే గుంపు ముందుకు వెళ్లిపోతోందని, మోడు దగ్గర ఆగిన కుక్కను తాడు పట్టి లాక్కుపోవడం నాకు నచ్చదు. అది కొండకు వచ్చింది ఆ మోడు కోసమే.

మూతి పెట్టనివ్వకూడనివీ ఉన్నాయి. నిలవ నీటి గుంటల్లో ఎలుకలు, ఇతర జంతువుల మూత్రం నుంచి చేరే లెప్టోస్పైరా బ్యాక్టీరియా ఉండవచ్చు. మన దగ్గర వానాకాలంలో మనుషులకు జ్వరం తెచ్చేదీ ఇదే. సియాటిల్ ప్రాంతంలో ఇంకో ముప్పు పచ్చి సాల్మన్ చేప. అక్కడి వాగుల్లోని ఒక నత్త నుంచి చేపలోకి చేరే పరాన్నజీవి పురుగు, తనతో పాటు ఒక బ్యాక్టీరియాను మోసుకొస్తుంది. ఆ చేప తిన్న కుక్కకు దాదాపు వారంలో జ్వరం, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. చికిత్స లేకపోతే చాలావరకు చనిపోతాయి. పిల్లులకు, మనుషులకు ఈ జబ్బు రాదు. మందు మామూలు యాంటీబయాటిక్కే. కాకపోతే వారం కిందట వాగు ఒడ్డున కుక్క ఏదో నమిలిన సంగతి పశువైద్యుడికి ముందుగా చెప్పాలి.