ఖాళీగా వెనక్కొచ్చే చెయ్యి

వైజాగ్ పోర్టులో సరుకు ఎక్కించుకున్న లారీ కాన్వెంట్ జంక్షన్ దాటేసరికి మూలుగుతుంది. అదే లారీ సరుకు దించేసి తిరిగొస్తుంటే పక్కన స్కూటర్ నడిపేవాడి గుండె జారిపోతుంది. బరువుతో వెళ్లేటప్పుడు నెమ్మది, ఉత్తి చేతులతో వచ్చేటప్పుడు పరుగు. డ్రైవర్ల సంగతి అలా ఉంచితే, ఈ తెలివి మా షెడ్డులోని ఒక పాత ఇనుప యంత్రానికీ ఉంది. దాని పేరు షేపర్.

ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చదివినవాళ్లు వర్క్‌షాపు మూల దీన్ని చూసే ఉంటారు. వడ్రంగి చెక్కకి చిత్రిక పట్టినట్టు ఇది ఇనుముకి పడుతుంది. కాకపోతే వెడల్పాటి బ్లేడు ఉండదు. వేలెడంత ఉక్కు టూలు ఒక్కటే ముందుకి పోతూ సన్నటి గీత కోస్తుంది, వెనక్కొస్తుంది, పక్కనే ఇంకో గీత కోస్తుంది. నాగలి చాలు పక్కన చాలు వేసినట్టు.

నాది గాజువాక ఆటోనగర్‌లో ఒక పాత ఇనుము కొట్టు వెనక, వాన నీళ్లలో నానుతూ దొరికింది. 12 అంగుళాలది. ముందుకీ వెనక్కీ ఆడే ఆ చేతిని రామ్ అంటారు. అది ఒక్క విసురులో ఎంత దూరం సాగగలదో అదే షేపర్ సైజు. పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. పంజాబ్‌లోని బటాలాలో షేపర్లు విరివిగా తయారయ్యేవి కాబట్టి అక్కడిదే అయ్యుంటుందని మా వీధి బాబాయి అంచనా. ఆయన షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ‘‘ఏటి నాయనా, సోఫా తీసేసి ఇది పెడతావా?’’ అని నవ్వి, మర్నాడు పొద్దున్నే స్పానర్ల సంచితో వచ్చేశారు.

పక్క మూత విప్పితే అసలు విషయం కళ్ల ముందే ఉంటుంది. ఈ యంత్రం మీద నాకింత మోజు అందుకే. లోపల బుల్ గేర్ అనే పెద్ద పళ్ల చక్రం, దాని ముఖం మీద ఒక పిన్ను. ఆ పిన్ను నిలువుగా నిలబడ్డ ఒక కమ్మీ గాడిలో జారుతుంది. కమ్మీ అడుగు భాగం తలుపు బందులాగా ఒకచోట కీలు వేసి ఉంటుంది, పై కొస రామ్‌ని తోస్తుంది. చక్రం ఒకే వేగంతో తిరుగుతుంది. కానీ పిన్ను పైన ఉన్నంతసేపూ కీలుకి దూరం కాబట్టి కమ్మీ మెల్లగా వాలుతుంది. పిన్ను కిందికి రాగానే కీలుకి దగ్గరై కమ్మీ విసురుగా ఊగుతుంది. తలుపుని గొళ్లెం దగ్గర జానెడు తోసినదానికీ, బందు దగ్గర జానెడు తోసినదానికీ తేడా చూడండి, అదే ఇది.

కొంచెం లెక్క వేద్దాం. చక్రం కేంద్రం నుంచి పిన్ను 10 సెంటీమీటర్లు, కీలు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. కోతకి చక్రం 240 డిగ్రీలు తిరగాలి, వాపసుకి 120 చాలు. అంటే కోతకి పట్టే కాలంలో సగంలోనే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది. చిన్న ముక్క కోయడానికి పిన్నుని 5 సెంటీమీటర్లకి జరిపితే ఇవి సుమారు 209, 151 అవుతాయి. పరుగు అంతగా కనబడదు. మొదటిసారి పొట్టి విసురు పెట్టినప్పుడు యంత్రం పాడైందేమోనని నాకు టెన్షన్. కాగితం మీద వృత్తం గీసి, స్పర్శరేఖలు గీశాకే స్థిమితపడ్డాను. పదో తరగతి జామెట్రీ ఇన్నాళ్లకి పనికొచ్చింది.

ఆ ఖాళీ వేళలోనే ఇంకో రెండు పనులు జరిగిపోతాయి. ఒకటి, సైకిల్ ఫ్రీవీల్‌లో ఉండేలాంటి పళ్ల ఏర్పాటు టిక్కుమని, కోసే ముక్కని మోసే టేబుల్‌ని ఒక వెంట్రుక వాసి పక్కకి జరుపుతుంది. రెండోది క్లాపర్ బాక్స్. కోసేటప్పుడు టూలు వెనక్కి గట్టిగా ఆనుకుని ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు చిన్న కీలు మీద పైకి లేచి లోహం మీద తేలిగ్గా జారుతూ వస్తుంది. ఈ చిన్న పెట్టె విలువ తెలీక నేను దానికి కూడా ఎనామిల్ రంగు కొట్టేశాను. రంగు ఆరి కీలు పట్టేసింది, టూలు లేవలేదు, మొన విరిగింది. బాబాయి ఏమీ అనలేదు. రంగు గోకడానికి పాత బ్లేడు మాత్రం చేతికిచ్చారు.

షేపర్‌ని 1836లో బ్రిటన్ ఇంజనీరు జేమ్స్ నాస్మిత్ తయారు చేశాడు. అప్పటిదాకా చిన్న భాగాల ముఖాలు చదును కావాలంటే ఉలి, ఆకురాయి, మనిషి భుజబలమే ఎక్కువగా దిక్కు. అందుకే దాన్ని ‘ఆవిరి చెయ్యి’ అన్నారు. పాఠ్య పుస్తకాల్లో విట్‌వర్త్ పేరుతో ఉండే క్విక్ రిటర్న్ (త్వరగా వెనక్కొచ్చే ఏర్పాటు) పైన చెప్పినదానికి అన్నదమ్ముల వరస. అందులో కీలు పిన్ను తిరిగే వృత్తం లోపలే ఉంటుంది కాబట్టి కమ్మీ ఊగదు, గుండ్రంగా తిరుగుతుంది. ఇంత చేసినా వాపసు వాపసే, ఆ కాసేపూ కోత లేదు. మిల్లింగ్ యంత్రంలో కట్టరుకి బోలెడు పళ్లు, ఆపకుండా కోస్తుంది. కార్ఖానాలు అటే వెళ్లిపోయాయి. ఆదివారం సాయంత్రం షెడ్డులో కూర్చున్నవాడికి ఆ తొందర లేదు. పైగా మిల్లింగ్ కట్టరు ధర వింటే కళ్లు తిరుగుతాయి, షేపర్ టూలు గ్రైండర్ మీద మనమే పదును పెట్టుకోవచ్చు. కప్పీ ఇరుసు మీద జారిపోకుండా పట్టి ఉంచే కీ అనే ఇనుప ముక్క కోసం కప్పీ లోపల గాడి కోయాలంటే ఇప్పటికీ దీన్ని మించింది నా దగ్గర లేదు.

మన ఊళ్లో అసలు శత్రువు సముద్రం. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. వాన పడనక్కర్లేదు, ఇనుము మీద కంటికి కనబడని ఉప్పునీటి పొర తయారు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి జారాల్సిన భాగాలు బిగిసిపోతాయి. చిన్న భాగాలకి నేను కరెంటు వైద్యం చేశాను. ప్లాస్టిక్ తొట్టెలో వాషింగ్ సోడా నీళ్లు, బ్యాటరీ చార్జరు. తుప్పు ముక్క మైనస్‌కి, పనికిరాని ఇనుప రేకు ప్లస్‌కి. తీగలు తారుమారైతే మంచి భాగమే కరిగిపోతుంది. స్టీలు గిన్నె ముక్క వాడకండి, అందులోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్ కనుక ఆరుబయటే చేయాలి.

రామ్ జారే దారులు ఎక్కడ అరిగాయో నీలిరంగు పూసి చూసి, ఎత్తుగా ఉన్నచోట గోకుడు ఉలితో బాబాయి నెల రోజులు గోకారు. నాకు నేర్పిద్దామని చూశారు, నా చెయ్యి తిరగలేదు. ఆ పని అయ్యాకే టేబుల్ జోలికి వెళ్లాం, ఎందుకంటే రామ్ వంకర ఉంటే అది కోసేదీ వంకరే. టేబుల్ నిండా ఎవరో డ్రిల్లుతో పొడిచిన గుంటలు, సుత్తి దెబ్బలు. దాన్ని ఊడదీసి బయటికి పంపలేదు. ముక్కని బిగించి పట్టే వైస్ తీసేసి, టూలు కిందికి దించి, యంత్రం చేతే దాని టేబుల్‌ని దానికి కోయించాం.

బీడు (పోత ఇనుము) పొడి నల్లగా రాలుతూ ఉంది. రామ్‌కి ఎదురుగా నిలబడవద్దని బాబాయి నన్ను పక్కకి లాగారు. రెండు గంటల తర్వాత మోటారు ఆపి, స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక టార్చి వేసి కింద వెలుతురు కనిపిస్తుందేమోనని నాలుగు మూలలా వెతికారు.

‘‘పర్లేదు,’’ అన్నారు. ‘‘నూనె రాసి గుడ్డ కప్పు. గాలి సముద్రం వైపునుంచే వస్తోంది.’’