క్విటో తోటల్లో సంచి కప్ప ఎందుకు కరువైంది

ఈక్వెడార్ రాజధాని క్విటో ఆండీస్ లోయలో, సముద్రమట్టానికి దాదాపు 2,850 మీటర్ల ఎత్తున ఉంది. యాభై ఏళ్ల క్రితం అక్కడ సంచి కప్ప అరుపు వినాలంటే ఏ కొండా ఎక్కనక్కర్లేదు, పెరట్లోనే వినిపించేది. దాని శాస్త్రీయ నామం గాస్ట్రోథెకా రియోబాంబే. అంత మామూలుగా కనిపించిన కప్పనే ఇప్పుడు పరిశోధనా కేంద్రాల్లో పెంచి కాపాడుకోవాల్సి వస్తోంది.

ఈ జాతిని 1913లో అమెరికన్ జంతుశాస్త్రవేత్త హెన్రీ ఫౌలర్ మొదటిసారి వర్ణించాడు. రియోబాంబా అనే కొండ పట్టణం పేరు మీదే దీనికి ఆ పేరు వచ్చింది. దట్టమైన అడవే కావాలని పట్టుబట్టే రకం కాదిది. మొక్కజొన్న చేలల్లో, రాతి గోడల సందుల్లో, కిత్తనార ఆకుల మధ్య పగలంతా దాక్కుని రాత్రికి బయటికి వచ్చేది. మనుషులు చదును చేసి, కాలువలు తవ్వి, చేలు వేసిన చోట కూడా బాగానే బతికింది. కథలో అసలు చిక్కు కూడా ఇదే అనిపిస్తుంది నాకు. ఎక్కడ చూసినా కనిపించే ప్రాణి గురించి ఎవరికీ బెంగ ఉండదు కదా.

1972లో ఈక్వెడార్ జీవశాస్త్రవేత్త యూజీనియా దెల్ పీనో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో డాక్టరేట్ పూర్తి చేసుకుని క్విటోకు తిరిగొచ్చి, అక్కడి కేథలిక్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పట్లో పెద్ద ల్యాబుల్లో పిండాల ఎదుగుదల మీద పరిశోధనకు వాడేది ఆఫ్రికా కప్ప జెనోపస్‌ను. ఆమె దగ్గర అంత డబ్బూ లేదు, పరికరాలూ లేవు. కానీ క్యాంపస్ తోటలోనే సంచి కప్పలు తిరుగుతున్నాయి. వాటితోనే పని మొదలుపెట్టారు.

ఆ సంచి సంగతి నిజంగా విచిత్రం. కంగారూకు సంచి పొట్ట దగ్గర ఉంటే ఈ ఆడకప్పకు వీపు చర్మం కింద ఉంటుంది. దాని నోరు నడుము చివర తెరుచుకుంటుంది. జతకట్టే సమయంలో ఆడకప్ప వెనక భాగాన్ని పైకెత్తుతుంది. బయటికొచ్చిన గుడ్లను మగకప్ప కాళ్లతో సంచిలోకి నెడుతుంది. ఒక్కో విడతకు వందకు పైగానే గుడ్లు ఉంటాయి. సంచి గోడలోని రక్తనాళాలు పిండాలను అంటిపెట్టుకుని ఉంటాయి. పిండాలకు గంట ఆకారంలో పల్చటి మొప్పలు పెరుగుతాయి. తల్లికీ పిల్లకూ మధ్య వాయువుల మార్పిడి వాటి ద్వారానే జరుగుతుంది. మూడు నాలుగు నెలల తర్వాత తల్లి నీళ్లలోకి దిగి, వెనక కాలి వేలితో సంచి నోరు వెడల్పు చేసి తోకకప్పలను బయటికి వదులుతుంది. అవి పూర్తి కప్పలు కావడానికి మరికొన్ని నెలలు పడుతుంది.

దెల్ పీనో బృందం గమనించిన మరో విషయం ఈ పిండాల నిదానం. జెనోపస్ పిండం ఒక్క రోజు కూడా పట్టకుండా దాటేసే దశకు దీనికి దాదాపు రెండు వారాలు కావాలి. పైగా పిండం గుడ్డు మీద పల్చటి బిళ్లలా ఏర్పడుతుంది. కోడిగుడ్డులో జరిగేదానికి దగ్గరగా ఉండే ఈ పద్ధతి కప్పల్లో ఎవరూ ఊహించనిది. ఆమె 2006లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికయ్యారు. ఈక్వెడార్ నుంచి ఆ గౌరవం దక్కిన మొదటి వ్యక్తి ఆమే.

ఈలోగా బయట పరిస్థితి మారిపోయింది. 1972లోనే ఈక్వెడార్ నుంచి చమురు ఎగుమతులు ఊపందుకున్నాయి, ఆ డబ్బుతో క్విటో వేగంగా పెరిగింది. లోయలోని చేలు కాలనీలయ్యాయి. మిగిలిన పొలాల్లోకి పురుగుమందులు వచ్చాయి. దీనికితోడు కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే ఫంగస్ ఆండీస్ అంతటా జాతులకు జాతుల్నే దెబ్బకొట్టింది. క్విటో చుట్టుపక్కల ఒకప్పుడు గుంపులు గుంపులుగా తిరిగిన జంబాటో అనే నల్ల కప్ప 1988 తర్వాత కనిపించనే లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 2016లో ఒక చిన్న గుంపు దొరికింది. సంచి కప్పకు అంత గతి పట్టలేదు గానీ, పాత చోట్లలో చాలావాటి నుంచి అది తప్పుకుంది. ఇందులో ఊరి వాటా ఎంత, ఫంగస్ వాటా ఎంత అని విడదీసి లెక్క చెప్పడం తేలిక కాదు.

కేథలిక్ యూనివర్సిటీ కప్పలను కాపాడేందుకు ఒక పెంపక కేంద్రం నడుపుతోంది. దాని పేరు బాల్సా దే లోస్ సాపోస్, అంటే కప్పల తెప్ప. ఈ జాతిని పెంచడంలో అనుభవానికి లోటు లేదు, దెల్ పీనో ల్యాబు దశాబ్దాలుగా చేసిన పని అదే. పెంచినవాటిని ఎక్కడ వదలాలన్నదే ప్రశ్న. తోకకప్పలకు నెలల తరబడి ఎండని, మందులు కలవని నీళ్లు కావాలి. సిమెంటు చేసిన కాలువల ఊళ్లో అలాంటి గుంటను ముందు ఎవరో ఒకరు తవ్వాలి.