పెరటి బేబీకార్న్: అపోహలు - వాస్తవాలు

జడ్చర్ల పక్కన కూరగాయల నారు, విత్తనాలు అమ్ముతుంటాను. మక్కజొన్న మనకేం కొత్త కాదు. సీజన్‌లో బాదేపల్లి మార్కెట్‌కు వెళ్తే ఎటు చూసినా మక్కల కుప్పలే. అయినా బేబీకార్న్ అనేసరికి అదేదో విదేశీ పంట అన్నట్టు అడుగుతుంటారు.

అపోహ: బేబీకార్న్ అంటే పొట్టి రకం మక్క.

వాస్తవం: మామూలు మక్కజొన్నే, మనిషిని మించి పెరుగుతుంది. గింజ కట్టకముందే లేత కంకి కోస్తే అదే బేబీకార్న్. హెచ్.ఎం.-4 లాంటి రకాలు దీనికి బాగా నప్పుతాయి, మొక్కకు రెండు మూడు కంకులు ఇస్తాయి. దొరక్కపోతే స్వీట్‌కార్న్ విత్తనం వేయండి, చేనుకు తెచ్చిన హైబ్రిడ్‌లో మిగిలిన గుప్పెడైనా పర్వాలేదు. ఆ లేత దశలో రుచిలో పెద్దగా తేడా తెలియదు.

అపోహ: పీచు ఎండాకే కంకి కోయాలి.

వాస్తవం: ఎక్కువమందికి పంట పాడయ్యేది ఇక్కడే. కాల్చుకునే కంకికి పీచు ఎండేదాకా ఆగడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బేబీకార్న్‌కు అలా ఆగితే కుదరదు. పీచు బయటికి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు ఉండగానే కోసేయాలి. వానకాలంలో విత్తిన 45-55 రోజులకు ఈ దశ వస్తుంది, చలికాలమైతే ఇంకొన్ని రోజులు పడుతుంది. అప్పుడు మూడు నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చారంటే కంకి లోపల గట్టిపడి కూరలో పీచుపీచుగా తగులుతుంది. కోత మొదలయ్యాక రోజూ పొద్దున్నే మొక్కల మధ్య తిరగాల్సిందే, లేదంటే పక్కింటివాళ్లకైనా చెప్పి వెళ్లండి. ముందు పై కంకి, తర్వాత కిందివి వస్తాయి. కోసేటప్పుడు పక్కనున్న ఆకు చీల్చకండి, కింది కంకి పెరగడానికి అది కావాలి. పొట్టుతోనే ఫ్రిజ్‌లో పెట్టి, వండే ముందు ఒలుచుకోండి.

అపోహ: జల్లు (మొక్క కొసన వచ్చే మగ పూత) పీకకపోతే బేబీకార్న్ రాదు.

వాస్తవం: కంకి రావడానికి జల్లుతో సంబంధం లేదు. పుప్పొడి పీచు మీద పడితే గింజ కట్టి కంకి త్వరగా ముదురుతుంది. అందుకే పెద్ద ఎత్తున వేసే రైతులు పుప్పొడి రాలకముందే జల్లు తీసేస్తారు. పెరట్లో నాలుగు వరుసలున్నవాళ్లు రోజూ కోస్తే చాలు, ఆ శ్రమ అక్కర్లేదు.

అపోహ: చుట్టూ మక్క చేన్లుంటే పెరట్లో వేయకూడదు.

వాస్తవం: స్వీట్‌కార్న్‌కు ఇది నిజమే. చేను పుప్పొడి గాలికి వచ్చి పడితే గింజలో తీపి పోయి పిండి పెరుగుతుంది. బేబీకార్న్‌లో గింజే ఉండదు కాబట్టి ఆ టెన్షన్ లేదు. మన ఎండలకు కూడా అంతే. ఏప్రిల్, మే వేడికి పుప్పొడి మాడి మామూలు కంకులకు గింజలు సరిగా కట్టవు, దీనికి మాత్రం తడి ఆరకుండా చూసుకుంటే సరిపోతుంది. చెల్క నేల త్వరగా ఆరిపోతుంది కాబట్టి పశువుల ఎరువు దండిగా వేయండి.

అపోహ: నీళ్లు ఎంత పెడితే అంత మంచిది.

వాస్తవం: మొదటి నెలలో వేరు దగ్గర నీళ్లు నిలిస్తే మొక్క పసుపెక్కి గిడసబారుతుంది. నల్లరేగడి అయితే బోదె మీదే విత్తండి.

అపోహ: ఇంటి మొక్కలకు పురుగు రాదు.

వాస్తవం: కత్తెర పురుగు 2018లో కర్ణాటకలో కనబడి, అదే ఏడాది మన చేన్లకూ వచ్చింది. పెరడు, పొలం అని చూడదు. ఆకుల మీద వరసగా చిల్లులు, సుడిలో, అంటే మొక్క నడిమి లేత ఆకుల మధ్య, రంపపు పొట్టులా రెట్ట కనిపిస్తే అదే. గుడ్ల సముదాయాన్ని చేత్తో నలిపేయండి, సుడిలో పొడి ఇసుక పోయండి, వేప గింజల కషాయం కొట్టండి. చేన్లో సుడిలో పురుగుమందు గుళికలు వేసే అలవాటును పెరట్లోకి తేవద్దు. రోజూ కోసి తినే పంట ఇది.

అపోహ: పది మొక్కలుంటే వారమంతా కూర.

వాస్తవం: పొట్టుతో కిలో కోస్తే లోపల పావుకిలో కూడా తేలదు. నలుగురున్న ఇంటికి కనీసం నలభై మొక్కలుండాలి. వరుసకూ వరుసకూ అడుగున్నర, మొక్కకూ మొక్కకూ జానెడు చాలు. అన్నీ ఒకేసారి వేయకుండా పది రోజుల తేడాతో విత్తండి. పిల్లలకు ఉడకబెట్టిన కంకి కూడా కావాలంటే స్వీట్‌కార్న్ వేసి, పై కంకి వదిలేసి కిందివి లేతగా కోసుకోండి. అలాంటప్పుడు మాత్రం జల్లు ముట్టుకోకండి.