పేరు కింద ఒక్క వాక్యం

ఏ యూనివర్సిటీలోనైనా మాలిక్యులర్ సెల్ బయాలజీ విభాగం ప్రొఫెసర్ల జాబితా చూడండి. ప్రతి పేరు కిందా వాళ్ల పరిశోధన ఏమిటో ఒక వాక్యంలో ఉంటుంది. ‘ఈస్ట్‌లో ప్రోటీన్ల రవాణా’, ‘ఈగ కంటిలో కణాల అమరిక’, ‘సముద్రపు అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే బంతిలాంటి జీవి) గుడ్లలో ప్రోటీన్ తయారీ’... ఇలా. జబ్బులతో మనుషులు అల్లాడుతుంటే వీళ్లకు ఈస్టూ ఈగలూ ఏమిటన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. న్యాయమైన అనుమానమే. ఆ వాక్యాల్లో జీవి పేరు కనిపించినంత స్పష్టంగా అసలు ప్రశ్న కనిపించదు మరి.

ఈస్ట్ సంగతే తీసుకుందాం. కణాలు తయారుచేసే ప్రోటీన్లలో కొన్ని బయటికి పోవాలి. ఇన్సులిన్, యాంటీబాడీలు, జీర్ణరసాల్లోని ఎంజైములు అలాంటివే. అవి లోపల ఏ దారిన వెళ్తాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ సాయంతో జార్జ్ పలాడే అనే శాస్త్రవేత్త చూపించాడు. ముందు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల వల, తర్వాత గాల్జీ అనే పొరల దొంతర, అక్కణ్ణుంచి వెసికిల్స్ అనే బుల్లి పొర సంచుల్లో కణం అంచుకు. 1974లో ఆయనకు నోబెల్ వచ్చింది. దారి తెలిసింది గానీ, ఆ దారిలో సరుకును నడిపించే ప్రోటీన్లేవో తెలియలేదు.

అది తేల్చడానికి అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో రాండీ షెక్‌మన్, ఆయన విద్యార్థి పీటర్ నోవిక్ ఈస్ట్‌ను పట్టుకున్నారు. దాని జన్యువులను చెడగొట్టడం తేలిక. చిక్కల్లా ఒకటే, ఇంత కీలకమైన జన్యువు చెడితే కణమే చచ్చిపోతుంది, చచ్చిన కణం నుంచి తెలిసేదేమీ ఉండదు. అందుకని 25 డిగ్రీల దగ్గర మామూలుగా బతుకుతూ, 37 డిగ్రీలకు వేడిచేస్తే మాత్రం మొరాయించే రకాల కోసం వెతికారు.

అన్ని కణాల్లోంచి వాటిని ఏరడమెలా? ఈ ఉపాయం నాకు భలే నచ్చుతుంది. బయటికి పంపే పని ఆగినా లోపల ప్రోటీన్ల తయారీ ఆగదు. పైపొర పెరగాలంటే వెసికిల్స్ వచ్చి అందులో కలవాలి. అవి కలవడం లేదు కాబట్టి కణం సైజు పెరగదు. అదే సైజులో సరుకు కుక్కుకుపోయి కణం సాంద్రత పెరుగుతుంది. సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిప్పే యంత్రంలో వేసి తిప్పితే అలాంటివి మిగతావాటి కంటే కిందికి దిగుతాయి. అలా దిగినవాటిని తీసుకుని మైక్రోస్కోప్ కింద పెడితే, కొన్నింటిలో బయటపడలేని వెసికిల్స్ గుంపులు గుంపులుగా కనిపించాయి. మరికొన్నింటిలో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం ఉబ్బిపోయి ఉంది. సరుకు ఎక్కడ నిలిచిపోయిందో చూస్తే చెడిన జన్యువు ఏ మజిలీలో పనిచేస్తుందో తెలిసిపోతుంది. 1980 నాటికి ఇలాంటి జన్యువులు 23 దొరికాయి.

ఇంకోచోట జేమ్స్ రాత్‌మన్ ఇదే ప్రశ్నను వేరే దారిలో అడుగుతున్నాడు. హ్యామ్‌స్టర్ కణాలను పగలగొట్టి, ఆ రసంలోంచి రవాణాకు కావలసిన ప్రోటీన్లను ఒక్కొక్కటే వేరుచేశాడు. వాటిలో ఒకదాన్ని 1989లో పోల్చి చూస్తే షెక్‌మన్ ఈస్ట్ జాబితాలోని ప్రోటీనే! ఈస్ట్ వంశమూ మన వంశమూ విడిపోయి వంద కోట్ల ఏళ్లు దాటింది. అయినా యంత్రాంగం మారలేదు. నాడీకణాల్లో ఇదే పని సరైన క్షణంలో ఎలా జరుగుతుందో థామస్ సూడాఫ్ తేల్చాడు. ముగ్గురికీ కలిపి 2013లో నోబెల్ ఇచ్చారు.

ఈ యంత్రాంగం ఎంత సున్నితమో ధనుర్వాతం చెబుతుంది. నాడీకణాల్లో వెసికిల్‌ను పొరతో కలిపే ప్రోటీన్లలో సినాప్టోబ్రెవిన్ ఒకటి. ధనుర్వాతం విషం దాన్ని కత్తిరిస్తుంది. బాట్యులినం అనే మరో బ్యాక్టీరియా విషాల్లో బి రకం కూడా అదే ప్రోటీన్‌ను, సరిగ్గా అదే చోట కత్తిరిస్తుంది. మరి ఒకదానివల్ల కండరాలు బిగుసుకుపోతే, రెండోదానివల్ల చచ్చుబడిపోతాయేం? మొదటిది వెన్నుపాము దాకా వెళ్లి, కండరాలు అతిగా బిగుసుకోకుండా ఆపే నాడీకణాల నోరు నొక్కుతుంది. రెండోది కండరం దగ్గరే ఆగి, దానికి ఆజ్ఞలిచ్చే నాడి కొసను మూసేస్తుంది. కత్తెర ఒకటే, పడిన చోటు వేరు. కణజీవశాస్త్రంలో సగం ప్రశ్నలు ఈ ‘ఎక్కడ’ చుట్టూనే తిరుగుతాయి.

అన్నట్టు, ప్రొఫెసర్ల పేర్ల కింద ఉండే ఆ వాక్యాల చివర ‘క్యాన్సర్ చికిత్సకు ఉపయోగపడగలదు’ అని తోక కనిపిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవచ్చు. చాలాసార్లు అది గ్రాంట్లిచ్చేవాళ్ల కోసం. నిజంగా ఉపయోగపడేది ఎటునుంచి వస్తుందో రాసినవాళ్లకే తెలియదు.

టిమ్ హంట్ అనే శాస్త్రవేత్త 1982లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో అర్చిన్ గుడ్లతో పనిచేస్తున్నాడు. ఆయన ప్రశ్న కణవిభజన గురించి కానేకాదు, ఫలదీకరణ తర్వాత ప్రోటీన్ తయారీ ఎలా పుంజుకుంటుందన్నదే. ప్రోటీన్లను సైజును బట్టి గీతలుగా విడదీసే జెల్ మీద మిగతా ప్రోటీన్ల గీతలన్నీ గంటగంటకూ చిక్కబడుతుంటే ఒక్క గీత మాత్రం పెరిగి పెరిగి, కణం విభజన చెందే వేళకు మాయమవుతోంది. మళ్లీ పెరుగుతోంది, మళ్లీ మాయం. దానికి సైక్లిన్ అని పేరు పెట్టాడు. సైక్లిన్లు సీడీకే అనే ఎంజైములను మేల్కొలిపి కణవిభజనను నడిపిస్తాయని తర్వాత తేలింది. ఆ కుటుంబంలోని సీడీకే 4, 6 ఎంజైములను అడ్డుకునే పాల్బోసిక్లిబ్‌ను రొమ్ము క్యాన్సర్‌కు మందుగా అమెరికా 2015లో అనుమతించింది.